టైర్లు పెంచే ముందు యాక్సిల్ లెక్క

పెద్ద టైర్లు వేయించారు. బండి ఎత్తు పెరిగింది, అందం పెరిగింది. కానీ తిరుమలగిరి సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడ్డాక మునుపటి ఊపుతో కదలట్లేదు కదూ? నాలుగో గేరులో ఎక్కే ఫ్లైఓవర్‌కి ఇప్పుడు మూడో గేరు కావాలంటోందా? వికారాబాద్ వెళ్లినప్పుడు అనంతగిరి మలుపుల్లో క్లచ్ కాలిన వాసన వచ్చిందా? టాప్ గేరు వేస్తే ఇంజను మూలుగుతోందా?

ఇంజను పాడవలేదు. ఇంజెక్టర్లు విప్పి చూద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మీ యాక్సిల్ లోపలున్న క్రౌన్-పినియన్ గేర్ల జతను కంపెనీ పాత టైరు ఎత్తుకు లెక్కగట్టి పెట్టింది. మీరు టైరు మార్చారు, ఆ లెక్క మార్చలేదు. జరిగింది ఇంతే.

ఈ అధ్యాయం పెద్ద టైర్లు ఇప్పటికే వేయించినవాళ్ల కోసం. ఇంకా వేయించకుండా ఆలోచిస్తున్నవాళ్లకు మరింత పనికొస్తుంది, ఎందుకంటే వాళ్ల డబ్బు ఇంకా జేబులోనే ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన సికింద్రాబాద్‌లో తిరిగే బండ్లలో ఎక్కువ వాటికి యాక్సిల్ ముట్టుకోనక్కర్లేనంత చిన్న పెంపే చాలు. అది దాటి వెళ్లదలిస్తే రెండు యాక్సిళ్లూ విప్పడానికి సిద్ధపడి దిగండి. పెద్ద టైర్లు వేసి, యాక్సిల్ సంగతి తర్వాత చూసుకుందామని ఏళ్ల తరబడి నడపడం అన్నిటికన్నా ఖరీదైన దారి.

సిద్ధాంతం రెండు వాక్యాల్లో ముగిద్దాం. టైరు ఎత్తు తొమ్మిది శాతం పెరిగితే అది ఒక్క చుట్టు తిరిగినప్పుడు బండి తొమ్మిది శాతం ఎక్కువ దూరం పోతుంది, నేలను తోసే బలం దాదాపు అంతే తగ్గుతుంది. ఆ తగ్గినదాన్ని తిరిగి తెచ్చేది క్రౌన్-పినియన్ రేషియో. ఇక పనిలోకి వెళ్దాం.

1. ముందు ఇప్పుడున్న రేషియో తెలుసుకోండి

"నా బండిది 4.10 అనుకుంటా" అని చాలామంది అంటారు. అనుకోవడంతో ఈ పని కాదు. ఒకే మోడల్లో మాన్యువల్‌కి ఒక రేషియో, ఆటోమేటిక్‌కి మరొకటి ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్ బండి అయితే పాత యజమాని ఎప్పుడో మార్చేసి ఉండొచ్చు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఊరు కాబట్టి సైన్యం వాడి వేలంలో అమ్మేసిన జిప్సీలు, జోంగాలు కొని ప్రేమగా చూసుకునేవాళ్లు ఇక్కడ కనిపిస్తారు. అలాంటి బండ్ల యాక్సిల్లో ఏముందో కాగితాలు చూసి చెప్పలేం.

ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి ఇది. సమతలంగా ఉన్న చోట బండి ఆపి, ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టండి. వెనక ఒక్క చక్రాన్ని మాత్రం జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండ్ పెట్టండి. గేరూ, ట్రాన్స్‌ఫర్ కేసూ న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ తీసేయండి. టైరు మీదా, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదా చాక్‌పీసుతో గీత గీయండి. ఇప్పుడు లేపిన చక్రాన్ని సరిగ్గా ఇరవై చుట్లు తిప్పండి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో పక్కన ఇంకొకరు లెక్కపెట్టాలి. మామూలు డిఫరెన్షియల్లో ఒక చక్రం నేల మీద కదలకుండా ఉంటే, రెండో చక్రం రెండు చుట్లు తిరిగినప్పుడు క్రౌన్ ఒక్క చుట్టు తిరుగుతుంది. కాబట్టి ఇరవై చుట్లకు షాఫ్ట్ 41 చుట్లు తిరిగితే మీది 4.10. దాదాపు 37 అయితే 3.73. స్టాండ్ లేకుండా జాకీని నమ్ముకుని బండి కిందకు మాత్రం దూరకండి.

హౌసింగ్ విప్పే సందర్భం వస్తే ఇంకా తేలిక. క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగించండి. 41కి 11 అయితే 3.73. 41కి 10 అయితే 4.10. 41కి 9 అయితే 4.56. 39కి 8 అయితే 4.88. 43కి 8 అయితే 5.38. పాత జీపు కుటుంబంలో తరతరాలుగా వినిపించే అంకెలు ఇవే.

ఇక్కడ ఒక్క మాట పక్కకు వెళ్లి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపుకు 6.00-16 టైర్లతో 4.88 రేషియో ఉండేది. ఆ తర్వాత వచ్చిన సీజే-3బీకి 5.38. మహీంద్రా మన దేశంలో ఏళ్ల తరబడి తయారుచేసింది ఆ సీజే-3బీ కుటుంబాన్నే. అరవై హార్స్‌పవర్ ఇంజనుతో విల్లీస్ కొండలెక్కిందంటే అందులో యాక్సిల్ రేషియో వాటా పెద్దది. ఇంజను పెద్దదైతే చాలు, రేషియోతో పనేముందనే వాదన మీరు విని ఉంటారు. నమ్మకండి.

2. టైరు అసలు ఎత్తు మీరే లెక్కించండి

"ముప్పైమూడు అంగుళాల టైరు సార్" అని దుకాణంలో చెబుతారు. నిజంగా ముప్పైమూడేనా? టైరు పక్కన రాసిన అంకెల్లోనే జవాబు ఉంది. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ తీసుకుందాం. మన తెలుగు నేల మీద, శ్రీసిటీలో 2016లో మొదలైన ఫ్యాక్టరీలో తయారయ్యే పికప్ ట్రక్కు అది. దాని 255/60 ఆర్18 టైరు లెక్క చూడండి. 255లో 60 శాతం అంటే 153 మిల్లీమీటర్లు. పైనా కిందా కలిపి 306. రిమ్ము 18 అంగుళాలు, అంటే 457. మొత్తం 763 మిల్లీమీటర్లు.

ఇప్పుడు అందరూ మోజుపడే 285/70 ఆర్17 చూడండి. 285లో 70 శాతం 199.5, రెండు వైపులా 399, రిమ్ము 432. మొత్తం 831. ముప్పైమూడని అమ్మే ఈ టైరు అసలు ఎత్తు 32.7 అంగుళాలే. పెంపు 68 మిల్లీమీటర్లు, అంటే 8.9 శాతం.

మరి యాక్సిల్ కింద ఎంత ఎత్తు కలిసొచ్చింది? 68 కాదు, అందులో సగం, 34 మిల్లీమీటర్లు. నేల నుంచి హబ్ మధ్యవరకు ఉండే దూరమే పెరుగుతుంది కదా. రాయి తగలకుండా ఉండేందుకు ఆ 34 మిల్లీమీటర్లు మీకు నిజంగా అవసరమా? కాగితం మీద ఈ ప్రశ్న రాసుకోండి. దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకున్నవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగిపోవడంలో తప్పేమీ లేదు.

మహీంద్రా థార్ కొత్త మోడల్లో 255/65 ఆర్18 టైరు ఎత్తు 789 మిల్లీమీటర్లు. దానికి అదే 285/70 ఆర్17 వేస్తే పెంపు 5.3 శాతమే. పాత థార్ 235/70 ఆర్16 ఎత్తు 735. దానికి ఇదే టైరు వేస్తే 13 శాతం. జిమ్నీ 195/80 ఆర్15 ఎత్తు 693. దానికి 235/75 ఆర్15 వేస్తే 5.8 శాతం. చూశారా? ఒకే టైరు ఒక బండికి చిన్న మార్పు, ఇంకో బండికి పెద్ద భారం. "నా ఫ్రెండ్ బండికి వేశాడు, ఏమీ కాలేదు" అనే మాటకు విలువ లేకపోవడానికి కారణం ఇదే.

3. ఒక్క గుణకారం, ఒక్క భాగహారం

పాత రేషియోను కొత్త టైరు ఎత్తుతో గుణించి, పాత టైరు ఎత్తుతో భాగించండి. వచ్చిన అంకె మీ బండిని కంపెనీ నుంచి వచ్చినప్పటి స్థితికి తెచ్చే రేషియో.

ఉదాహరణకు పాత టైరు 763, కొత్తది 831, యాక్సిల్లో 4.10 ఉందనుకుందాం. 4.10 ఇంటూ 831, బై 763. జవాబు 4.47. మార్కెట్లో 4.47 దొరకదు. 4.30 దొరకొచ్చు, 4.56 దొరకొచ్చు. ఏది తీసుకోవాలి? దానికి ఇంజను వేగం ఎంతవుతుందో చూడాలి. ఆ లెక్క ఇలా చేయండి: 5305ను బండి వేగంతో గుణించి, యాక్సిల్ రేషియోతో, టాప్ గేరు రేషియోతో గుణించి, టైరు మిల్లీమీటర్లతో భాగించండి.

టాప్ గేరు 0.75 అనుకుని 80 కిలోమీటర్ల వేగం దగ్గర చూద్దాం. కంపెనీ స్థితిలో 1,710 ఆర్‌పీఎం. పెద్ద టైరు వేసి యాక్సిల్ వదిలేస్తే 1,570. 4.56 వేస్తే 1,750కి కాస్త అటూ ఇటూ. వీ-క్రాస్ 1.9 లీటర్ల డీజిల్ ఇంజను తన పూర్తి 360 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది 2,000 నుంచి 2,500 మధ్య. 1,570 దగ్గర ఆ ఇంజను ఆ బలానికి ఇంకా చాలా దూరంలో ఉంటుంది. ఎదురుగాలి వచ్చినా, చిన్న ఎత్తు వచ్చినా గేరు దించక తప్పదు. మీకు వినబడే మూలుగు అదే.

గతుకుల దారిలో, రాళ్ల మీద ఇంకో అంకె ముఖ్యం. మొదటి గేరు రేషియోను ట్రాన్స్‌ఫర్ కేసు లో-రేంజ్‌తో, యాక్సిల్‌తో గుణించండి. మొదటి గేరు 4.0, లో-రేంజ్ 2.5, యాక్సిల్ 4.10 అనుకుంటే 41 వస్తుంది. ఈ టైరుతో అది 37.7కి పడిపోయినట్టు లెక్క. రాతి మీంచి దిగేటప్పుడు ఇంజను బ్రేకు తక్కువగా పట్టుకోవడం, బ్రేకు పెడలు మీద మీ కాలు ఎక్కువసేపు ఉండటం దీనివల్లే. 4.56 వేస్తే 41.9కి వస్తుంది, కంపెనీ ఇచ్చినదానికన్నా ఒక మెట్టు మెరుగు.

4. శాతాన్ని బట్టి నిర్ణయం

నాలుగు శాతం లోపు పెంపైతే యాక్సిల్ ముట్టుకోకండి. డబ్బు దండగ. అయిదు నుంచి ఎనిమిది శాతం మధ్య అయితే మీ వాడకాన్ని బట్టి. టర్బో డీజిల్ మాన్యువల్ అయితే చాలామంది సర్దుకుపోతారు. చిన్న పెట్రోల్ ఇంజనైతే బాధపడతారు. పది దాటితే సర్దుకుపోవడం అనే మాటే లేదు, రేషియో మార్చాల్సిందే. మన వీ-క్రాస్ ఉదాహరణలోని 8.9 సరిగ్గా గట్టు మీద ఉంది. అందుకే అక్కడ వాడకం ముఖ్యమవుతుంది.

5. మీ వారం ఎలా గడుస్తుంది?

ఈ ప్రశ్నకు కలల్లోని జవాబు కాదు, నిజమైన జవాబు కావాలి. మూడు సందర్భాలు చెబుతాను, మీది ఏదో గుర్తుపట్టండి.

మొదటివారు అల్వాల్ నుంచి గచ్చిబౌలికి రోజూ ఆఫీసుకు వెళ్తారు. నెలకోసారి వికారాబాద్ వైపు. వానాకాలంలో నల్లరేగడిలో ఇరుక్కుంటామనే భయం. వీరికి కావలసింది ఎత్తు కాదు, పట్టు. అదే సైజులో లేదా ఒక్క మెట్టు పెద్దదాంట్లో మంచి ఆల్-టెరైన్ టైరు, బురదలోకి దిగే ముందు గాలి కాస్త తగ్గించడం, బయటికొచ్చాక మళ్లీ నింపడానికి డిక్కీలో చిన్న కంప్రెసర్. యాక్సిల్ పని అక్కర్లేదు.

రెండోవారు శ్రీశైలం ఘాటు, మారేడుమిల్లి, లంబసింగి అంటూ సామాను నింపుకుని కుటుంబంతో తిరుగుతారు. బండి మీద ర్యాక్, ర్యాక్ మీద టెంటు. వీరికి హైవేలో గంటల తరబడి నడపాలి, తర్వాత నిలువు ఎత్తులు ఎక్కాలి. పెంపు ఎనిమిది శాతం దాటితే రేషియో మార్చుకోండి, కానీ కంపెనీ స్థితికి దగ్గరగా ఉండేదే తీసుకోండి. మరీ లోతైన రేషియో వేస్తే హైవే మీద ఇంజను అరుస్తూనే ఉంటుంది, పిల్లలు వెనక సీట్లో నిద్రపోరు.

మూడోవారికి పక్కా రాతి దారులే ప్రాణం. పోటీలకు వెళ్తారు, బండి రోజువారీ పనికి కాదు. వీరు లెక్కలో వచ్చిన అంకెకు ఒక మెట్టు పైది తీసుకోవచ్చు. ఒకటి గుర్తుంచుకోవాలి. రేషియో అంకె పెరిగేకొద్దీ పినియన్ పళ్లు తగ్గుతాయి, పినియన్ సన్నబడుతుంది. అది విరిగే భయం పెరుగుతుంది.

ఈ మూడింటిలో ఏదీ కాకపోతే, అంటే బండి అందంగా కనబడాలన్నదే కోరికైతే, అదీ న్యాయమైన కోరికే. నాలుగు శాతం లోపు ఉండండి, చాలు.

6. రెండు యాక్సిళ్లూ, లేకపోతే ఏదీ వద్దు

ఈ అధ్యాయంలో ఒక్క పేరానే చదవగలిగితే ఇదే చదవండి. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి వెనక యాక్సిల్లో 4.56, ముందు 4.10 పెట్టి నడపకూడదు. ఫోర్ వీల్ వేసిన క్షణం నుంచి ముందు చక్రాలు ఒక వేగంతో, వెనక చక్రాలు ఇంకో వేగంతో తిరగాలని పోట్లాడుకుంటాయి. ఆ పోట్లాట భారం ట్రాన్స్‌ఫర్ కేసు మీద, షాఫ్టుల క్రాసుల మీద పడుతుంది. ఏదో ఒకటి విరుగుతుంది. రెంటి మధ్య ఒక శాతం లోపు తేడా ఫర్వాలేదు. వెనక 4.10, ముందు 4.09 పెట్టి కంపెనీలే అమ్మిన బండ్లున్నాయి. అంతకు మించి వద్దు.

"ఇప్పటికి వెనకది చేద్దాం సార్, ముందుది డబ్బులొచ్చాక" అనే సలహా మీకు తప్పకుండా వస్తుంది. వద్దనండి. ముందు యాక్సిల్ సెట్ చేతికొచ్చేవరకు వెనకది విప్పనివ్వకండి. వీ-క్రాస్‌లాగా ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న బండికి ముందు డిఫరెన్షియల్ వేరే రకం. దాని సెట్ దొరకడమే అసలు కష్టం. ముందుది ఖాయమయ్యాకే వెనకదానికి అడ్వాన్సు ఇవ్వండి.

జిప్సీ ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. దాని ట్రాన్స్‌ఫర్ బాక్స్ గేర్‌బాక్స్‌తో కలిసి ఉండదు, మధ్యలో విడిగా ఉంటుంది. అందులోని గేర్లు మారిస్తే ముందు, వెనక రెండు యాక్సిళ్లకూ ఒకేసారి లెక్క మారుతుంది, క్రౌన్-పినియన్ ముట్టుకోనక్కర్లేదు. సుజుకి సమురాయ్ ఉన్న దేశాల్లో దశాబ్దాలుగా ఇదే చేస్తున్నారు. మంచి గేర్ సెట్ దొరికితే జిప్సీకి నేను ఈ దారే సిఫార్సు చేస్తాను.

7. సామాను ఎక్కడ, ఎలా కొనాలి

రాణిగంజ్ వెళ్తే బేరింగులు, సీళ్లు దొరుకుతాయి. పాత జీపు కుటుంబం క్రౌన్-పినియన్ల కోసం విజయవాడ ఆటోనగర్ వరకు కూడా వెతకొచ్చు. కొత్త పికప్‌లకు బయటి దేశాల నుంచి తెప్పించాల్సి రావొచ్చు. వీ-క్రాస్ తోబుట్టువు డీ-మ్యాక్స్ థాయ్‌లాండ్‌లో, ఆస్ట్రేలియాలో విపరీతంగా అమ్ముడవుతుంది. మీ వెతుకులాట అటు మొదలుపెట్టండి. కస్టమ్స్ సుంకం, రవాణా కలిపాకే ధర ఎంతో అనుకోండి.

పాత సామాన్ల దుకాణంలో సెట్ దొరికితే ఒక్కటి చూడండి. క్రౌన్, పినియన్ రెంటి మీదా ఒకే జత నంబరు ఉందా? ఆ రెంటినీ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి అరగదీసి జత కలుపుతారు. ఒక బండి క్రౌన్‌కు మరో బండి పినియన్ కలిపితే పళ్లు ఎన్ని సరిపోయినా అరుపు తప్పదు. జత నంబరు లేకపోతే సగం ధరకిచ్చినా కొనకండి.

ఇంకో ప్రశ్న కూడా అడగండి. "ఈ సెట్‌కు నా పాత క్యారియర్ సరిపోతుందా?" కొన్ని యాక్సిళ్లలో ఒక రేషియో దాటాక క్రౌన్‌ను బిగించే ఆ క్యారియర్ కూడా మార్చాలి. పేరున్న డానా 44 యాక్సిల్లో 3.73 వరకు ఒక క్యారియర్, 3.92 నుంచి పైన మరొకటి. ఈ ప్రశ్న అడగనివాళ్ల బండి హౌసింగ్ విప్పి గ్యారేజీలో వారాల తరబడి పడి ఉంటుంది.

8. బిగించే చేతిని ఎంచుకోండి

ఈ పనిలో సామాను సగం, చేయి సగం. చేయి సరిగా లేకపోతే ఎంత మంచి సెట్టయినా కొద్దిరోజుల్లోనే అరుస్తుంది. పినియన్ ఎంత లోతుకు కూర్చోవాలో షిమ్ములతో సరిచేయాలి. పినియన్ బేరింగ్‌కు బిగింపు సరిగా ఇవ్వాలి. క్రౌన్‌కూ పినియన్‌కూ మధ్య ప్లే డయల్ గేజ్‌తో కొలవాలి. చాలా యాక్సిళ్లలో అది 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి సర్వీస్ మాన్యువల్లో ఏముంటే అదే చివరి మాట. చివరగా పళ్లకు రంగు పూసి తిప్పి చూడాలి. రంగు గుర్తు పంటి మధ్యలో పడాలి. పంటి అడుగున పడితే పినియన్ మరీ లోతుగా ఉంది. పంటి కొసన పడితే పైకి ఉండిపోయింది.

మెకానిక్‌ను ఎలా పరీక్షించాలి? ఇలా అడగండి.

"ఉస్తాద్, ప్లే ఎట్ల చూస్తరు?"

"చేత్తో ఊపితే తెలుస్తది సార్, ముప్పై ఏండ్ల అనుభవం."

నమస్కారం పెట్టి బయటికి రండి. ఆయన అనుభవాన్ని తక్కువ చేయడం లేదు, కానీ మిల్లీమీటరులో పదో వంతు చేతికి అందదు. డయల్ గేజ్ చూపించి, రంగు పూశాక మిమ్మల్ని పిలిచి చూపిస్తానన్న మనిషి దొరికితే కూలీ బేరమాడకండి. సైన్యం వాళ్ల ఈఎంఈ సెంటర్ ఉన్న ఊరు మనది. అక్కడ పనిచేసి రిటైరైన సైనిక మెకానిక్కుల గురించి వాకబు చేయండి. కొలత లేకుండా బోల్టు బిగించకపోవడం వాళ్లకు అలవాటు.

పాత బేరింగులు, పాత సీళ్లు తిరిగి వేయనివ్వకండి. "ఇవి బాగానే ఉన్నాయి" అంటారు. ఉండొచ్చు. హౌసింగ్ రెండోసారి విప్పడానికయ్యే కూలీతో పోలిస్తే కొత్త బేరింగుల ధర చిన్నది.

9. మొదటి వెయ్యి కిలోమీటర్లు

పని పూర్తయింది, బండి చేతికొచ్చింది. వెంటనే అనంతగిరికి పరుగు తీయాలని ఉంటుంది. ఆగండి. మొదటి పాతిక కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, బండి ఆపి, యాక్సిల్ పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా రెండు మూడు సార్లు చేయండి. కొత్త పళ్లు ఒకదానితో ఒకటి సర్దుకునేటప్పుడు విపరీతంగా వేడెక్కుతాయి. 800 కిలోమీటర్ల వరకు బరువు లాగకండి, ఒకే వేగంతో హైవేలో గంటల తరబడి పోకండి. 800 దగ్గర గేర్ ఆయిల్ మార్చేయండి. తీసిన నూనెలో మెత్తని బూడిదరంగు పొడి ఉంటే భయం లేదు. ముక్కలుంటే వెంటనే వెనక్కి తీసుకెళ్లండి.

యాక్సిలరేటర్ నొక్కినప్పుడు మాత్రమే, లేదా వదిలినప్పుడు మాత్రమే సన్నని ఈల వినబడుతోందా? "నడుపుతూ ఉంటే పోతుంది" అంటారు. పోదు. పళ్ల లైన్ సరిగా పడలేదని అర్థం.

10. స్పీడోమీటర్ సరిచేయించండి

పెద్ద టైరుతో మీటరు తక్కువ చూపిస్తుంది. మన ఉదాహరణలో మీటరు 80 చూపితే అసలు వేగం 87. వేగ పరిమితి 80 ఉన్నచోట మీకు తెలియకుండానే చలానా పడుతుంది. మైలేజీ లెక్క కూడా తప్పుతుంది. మీటరు 500 కిలోమీటర్లు చూపినప్పుడు మీరు నడిపింది 544. మైలేజీ ఘోరంగా పడిపోయిందని బాధపడేవాళ్లు ముందు ఈ సవరణ చేసి చూడాలి. సెన్సరు ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గరున్న బండ్లలో యాక్సిల్ రేషియో సరిచేస్తే మీటరూ దానంతటదే దారికొస్తుంది. చక్రాల సెన్సర్లతో నడిచే బండికి టైరు సైజు కంప్యూటర్లో మార్పించాలి. స్టెప్నీ కూడా అదే సైజుది ఉండాలని మరచిపోకండి.

బ్రేకుల గురించి ఒక మాట. రేషియో మారిస్తే లాగే బలం తిరిగొస్తుంది, ఆపే బలం రాదు. బరువైన పెద్ద చక్రాన్ని ఆపడానికి పాత బ్రేకులే ఉన్నాయి. ముందున్న బండికి ఇంకాస్త దూరం పాటించండి.

11. చట్టం ముందే చదువుకోండి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని మార్పు ఒక్కోదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. టైర్లు ఫెండర్ దాటి బయటికి వస్తే రోడ్డు మీద మొదట కంటబడేది అవే. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టకముందే తిరుమలగిరి ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి, మీరు వేయదలచిన సైజు రాసి చూపించి అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రమాదం జరిగాక క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకు కారణం ఇవ్వకండి. వారంటీ ఉన్న బండైతే యాక్సిల్ విప్పిన రోజుతో ఆ భాగాల వారంటీ ముగిసిందనే అనుకోండి.

పోటీల కోసమే ఉంచుకునే బండైతే దాన్ని ట్రక్కు మీద ఎక్కించి తీసుకెళ్లండి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా దిగడం మాత్రం ఏ టైరు మీదైనా నేరమే.

ఈ ఆదివారం ఒక చాక్‌పీసు, ఒక స్టాండ్, లెక్కపెట్టడానికి ఒక మనిషిని పక్కన పెట్టుకుని మీ రేషియో తేల్చండి. టైరు అంకెలు రాసుకుని శాతం కట్టండి. నాలుగు లోపు వస్తే సోమవారం నిశ్చింతగా టైర్ల దుకాణానికి వెళ్లండి. పది దాటితే ముందు రెండు యాక్సిళ్ల సెట్లూ ఎక్కడ దొరుకుతాయో వెతకండి, టైర్లకు డబ్బు ఆ తర్వాతే కట్టండి.